సీటు వెనక నీళ్ల సీసాలు

నిరుటి ఎండాకాలం నుంచి మన నాచారం స్టాండులోని పికప్ బండ్లు ఒక్కొక్కటిగా తెల్లపొగ కక్కుతూ నడిరోడ్డు మీద ఆగిపోతున్నాయి. ఆ బండ్లు మనకు అమ్మిన ఉప్పల్ రోడ్డు షోరూము సర్వీసు మేనేజరు మనలో ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పాడు. "నీ ఒక్క బండికే వచ్చింది. తప్పు నువ్వు నడిపే తీరులో ఉంది." అది తెలిసి ఆడిన అబద్ధం. ఒకే అబద్ధాన్ని ఒక్కొక్కరి చెవిలో విడివిడిగా వేసి, మన నోళ్లు మనమే మూసుకునేలా చేశాడు. ఆ అబద్ధాన్ని బయటికి లాగి స్టాండు నడిమధ్య పెట్టిన మనిషి, మనమంతా బాబాయి అని పిలుచుకున్న మనిషి, మొన్న గురువారం సాయంత్రం దవాఖానాలో కన్నుమూశాడు.

ఈ కాగితం చేతికందిన వాళ్లలో సగం మందికి ఆయన తెలుసు. మిగతా సగం కోసం కూడా రాస్తున్నాను. నేను ఇంతకుముందు రాసి పంచిన కరపత్రాలు చూసినవాళ్లు ఇందులోనూ పిడికిళ్లు, మంటలు వెతుకుతారేమో. తక్కువే ఉంటాయి. బాబాయి గురించి గొంతు పెంచి రాస్తే ముందు నవ్వేది ఆయనే.

నా కరపత్రాలను ఆయన చదివే పద్ధతి వేరు. కళ్లజోడుకు దారం కట్టి మెడలో వేసుకునేవాడు. దాన్ని ముక్కు మీదికి ఎక్కించి, బండి బానెట్ మీద కాగితం పరిచి, పై నుంచి కింద దాకా వేలు పెట్టి చదివేవాడు. ఒక్క వాక్యం వదలడు. చదివాక ఒకటే అడిగేవాడు. "ఒరేయ్ అబ్బాయ్, కోపమంతా మొదటి పేజీలోనే ఖర్చు పెట్టేశావు. రెండో పేజీ ఎవడి కోసం?" నాకు ఒళ్లు మండేది. "ప్రజల కోసం రాసిన బాబాయ్" అనేవాడిని. "మరి ప్రజలకు రెండో పేజీ దాకా ఓపిక ఉండాలి కదరా" అని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకునేవాడు. పారేయగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఆయన తణుకు దగ్గరి పల్లె నుంచి ఎప్పుడో వచ్చి నాచారంలో పాతుకుపోయినవాడు. మొదట ఒక మందుల ఫ్యాక్టరీలో జీతానికి బండి నడిపాడు. తర్వాత సొంతంగా ఒక పాత బండి కొన్నాడు. అది పూర్తిగా అరిగిపోయాక, మనందరితో పాటు ఆ షోరూములోనే ఈ కొత్త పికప్ తీసుకున్నాడు. స్టాండులో ఎక్కువ మందిమి జనగామ, నల్లగొండ, సిద్దిపేట వైపు నుంచి వచ్చినవాళ్లం. మా మాటల మధ్య ఆయన మాట విడిగా వినబడేది. అవును అనడానికి "ఆయ్" అనేవాడు. మా యాదగిరన్న దాన్ని పట్టుకొని ఏడిపించేవాడు. "బాబాయ్, గీ ఫోన్ల ఎవలో అమ్మాయి మాట్లాడుతుంది, ఆయ్ ఆయ్ అంటుంది, నువ్వేనా?" బాబాయి కూడా తక్కువ తినలేదు. "మీకు ‘ఏంది’ అనడం తప్ప ఇంకో ప్రశ్న రాదేంట్రా?" అనేవాడు.

బండి ఎక్కగానే చెప్పులు విప్పేసేవాడు. క్లచ్ మీద ఉత్త పాదం పెడితేనే ఇంజను సంగతి కాలికి తెలుస్తుందని ఆయన నమ్మకం. విప్పిన చెప్పులు ఒక్కోసారి స్టాండులోనే ఉండిపోయేవి. ఆయన మాత్రం దమ్మాయిగూడలో లోడు దించుతూ కాలే నేల మీద గంతులు వేసేవాడు. అటు వైపు వెళ్లే బండి ఏదైనా ఉంటే చెప్పులు అందులో వెళ్లేవి. "బాబాయి చెప్పులకు కూడా లోడ్ దొరికింది" అని నవ్వుకునేవాళ్లం.

ఆయన గొప్ప మెకానిక్ అని రాసేస్తే కథ సులువుగా ఉండేది, కాని నిజం అది కాదు. పానా పట్టుకుంటే వేలు కోసుకునేవాడు. ఒకసారి తన బండిలో టకటకమని చప్పుడు వస్తోందని, ఇంజనులో ఏదో విరిగిందని, ఒక పొద్దుటి పూటంతా మా అందరినీ బానెట్ కింద వంగబెట్టాడు. చివరికి చూస్తే, ఆయన భార్య, మా పిన్ని, కట్టిచ్చిన టిఫిన్ బాక్సులో చెంచా. సీటు కింద అది ఊగుతున్నంతసేపూ ఇంజను ఊగినట్టు వినబడింది. ఆ చెంచాను స్టాండు స్తంభానికి తీగతో కట్టి వేలాడదీసింది యాదగిరన్నే. బాబాయి దాన్ని విప్పలేదు. కొత్తవాళ్లు వచ్చి అదేందని అడిగితే, "మా తప్పుల దేవుడు" అని తనే పరిచయం చేసేవాడు.

కాని వినడం ఆయనకు తెలుసు. మనిషి చెప్పేది వినడం, బండి చెప్పేది వినడం. ఎవరైనా వచ్చి "బాబాయ్, నా బండి దమ్ము పట్టుకుంటలేదు" అంటే వెంటనే జవాబు చెప్పడు. "ఎక్కే రోడ్డు మీదా, దిగే రోడ్డు మీదా? పొద్దున్నా, మధ్యాహ్నమా? లోడుతోనా, ఖాళీగానా?" అని అడుగుతూ పోయేవాడు. సగం సార్లు అడిగించుకుంటుండగానే తప్పెక్కడుందో ఆ బండివాడికే తట్టేది. నల్లపొగ వస్తే ఎక్కడి డీజిల్ పోయించావని అడుగు. పొద్దున్నే దగ్గి దగ్గి గాని స్టార్ట్ కాకపోతే ఫిల్టరు విప్పి నీళ్లు దిగాయేమో చూడు. ఇంతే ఆయన చెప్పేది. మిగతాదానికి మెకానిక్ దగ్గరికి పంపేవాడు, తనూ వెంట వెళ్లేవాడు, అక్కడ స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతూ మళ్లీ అవే ప్రశ్నలు మెకానిక్‌ను అడిగేవాడు.

మన స్టాండులో తాళాల మార్పిడి అనే అలవాటు ఒకటి ఉంది. అది ఆయన పెట్టిందే. బయటివాళ్లకు వింతగా ఉంటుంది కనుక చెప్తాను. పొద్దున మొదటి లోడుకు ముందు ఎవరి బండిని వాళ్లు స్టార్ట్ చేయరు. నా తాళం యాదగిరన్నకు, యాదగిరన్న తాళం బాబాయికి, బాబాయిది ఇంకొకరికి. పక్కవాడి బండి ఎక్కి, స్టార్ట్ చేసి, స్టాండు చుట్టూ ఒక చుట్టు తిప్పి, దిగి చెప్పాలి, ఏం వినబడింది, ఏం వాసన వచ్చింది, కాలికి ఏం తగిలింది. ఎందుకని మొదట్లో నేను గొడవ పెట్టుకున్నాను. నా బండిని ఇంకొకడు ఎందుకు ముట్టుకోవాలి? ఆయన చెప్పింది నాకింకా గుర్తుంది. "మన బండి చప్పుడు మన చెవికి అలవాటైపోద్దిరా. రోజూ కాస్త కాస్త చెడిపోయేది మనకు వినపడదు. అందుకే పొద్దున్నే పక్కోడి చెవి తెచ్చుకోవాలి."

అలాంటి అలవాటు ఉన్న స్టాండులో కూడా మేము దాచాము. ఆ సంగతే ఇప్పుడు చెప్పాలి.

ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య పలచటి రేకు ఒకటి ఉంటుంది. గాస్కెట్ అంటాం. అది కాలిపోతే నీళ్లు వెళ్లకూడని చోటికి వెళ్తాయి. కింద ఒక్క చుక్క కారదు, అయినా రేడియేటరులో నీళ్లు మాయమవుతాయి. పొగ తెల్లగా వస్తుంది. ఆయిల్ మూత విప్పితే లోపల మీగడ కట్టినట్టు ఉంటుంది. నీళ్లు పోస్తూ పోతే కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత ఒక రోజు ఇంజను బిగుసుకుపోతుంది. మనం కొన్న ఆ బండ్లలో ఇదే జరగడం మొదలైంది. ప్రతివాడూ విడిగా షోరూముకు వెళ్లాడు. ప్రతివాడికీ మేనేజరు అదే మాట చెప్పి, ఓవర్‌లోడు వేశావు కనుక గ్యారంటీ వర్తించదన్నాడు. ఎక్కువ లోడు ఒక్కసారైనా వేయనివాడు మనలో ఎవడున్నాడు? అందుకే ఆ మాట ప్రతివాడికీ సరిగ్గా అతికింది. నా తప్పే కాబోలు అనుకున్నాం. పైగా ఫలానా బండి ఆగిపోతోందని ఫ్యాక్టరీ గేటు దాకా తెలిస్తే ఇక ఆ బండికి లోడు ఇవ్వరు. అందుకని స్టాండుకు రాకముందే ఎక్కడో గోడ పక్కన ఆపి, దొంగతనం చేస్తున్నట్టు నీళ్లు పోసుకొని, పొగ తగ్గాక వచ్చేవాళ్లం. పొద్దున తాళం తీసుకున్న పక్కవాడికి ఏదో వినబడేది. కాని వాడి బండిలోనూ అదే ఉంది కనుక వాడూ నోరు మెదిపేవాడు కాదు.

ఒక పొద్దున యాదగిరన్న అసలు తాళమే ఇవ్వలేదు.

"నా బండి మంచిగనే ఉంది బాబాయ్. ఇయ్యాల ఇడిసిపెట్టు."

"బాగుంటే ఇవ్వడానికి నొప్పేంట్రా?"

"నొప్పేం లేదు. జల్ది పోయేదుంది."

బాబాయి చెయ్యి చాపి అలాగే నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. యాదగిరన్న తాళం ఇచ్చేసి మొహం తిప్పుకున్నాడు. బాబాయి చెప్పులు విప్పి బండి ఎక్కాడు, కాని స్టార్ట్ చేయలేదు. సీటు వెనక చెయ్యి పెట్టి ఒక సీసా తీశాడు. కూల్‌డ్రింకు పెద్ద సీసా, నిండా నీళ్లు. ఇంకొకటి తీశాడు. ఇంకా వస్తూనే ఉన్నాయి.

"ఇందులో నువ్వు తాగేవి ఎన్ని, దీనికి తాగించేవి ఎన్ని?"

"ఎండకాలం గదా బాబాయ్. దూప అయితది."

"నీకా, బండికా?"

ఇంకో రోజైతే అందరం పడి పడి నవ్వేవాళ్లం. ఆ రోజు ఒక్కడూ నవ్వలేదు. బాబాయి కిందికి దిగి తన బండి దగ్గరికి వెళ్లాడు. తన సీటు వెనక నుంచి కూడా సీసాలు తీసి యాదగిరన్న సీసాల పక్కన పెట్టాడు. "ఇవి నావి. నాకు దాహం తక్కువేరా" అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ అడగలేదు. నేను వెళ్లి నావి తెచ్చాను. ఒకరి వెంట ఒకరు సీట్లు ఎత్తి తెచ్చారు. స్టాండు మధ్యలో పెళ్లి పందిట్లో పెట్టినట్టు సీసాలు బారులు తీరాయి. బాబాయి అప్పుడు ఒక్కొక్కరినీ అడిగాడు.

"నీకేం చెప్పాడు?"

"నీ ఒక్కనికే అచ్చింది అన్నడు."

"నీకు?"

"నాకు గదే. నీ ఒక్కనికే అన్నడు."

"మరి నీకు?"

యాదగిరన్నకు ముందు నవ్వు తన్నుకొచ్చింది. "అంటే, మనం ఇంతమందిమి ఒక్కొక్కళ్లమేనా బాబాయ్?" అని కడుపు పట్టుకున్నాడు. ఆ నవ్వు అందరికీ పాకింది. నేను ఎన్నో పుస్తకాల్లో ఐక్యత అనే మాట చదివాను, నా కరపత్రాల్లో లెక్కలేనన్ని సార్లు రాశాను. అది ఎలా ఉంటుందో చూసింది మాత్రం ఆ రోజే. నీళ్ల సీసాల బారులా ఉంటుంది.

తర్వాత బాబాయి, యాదగిరన్న, నేను షోరూముకు వెళ్లాం. లోపల చల్లగా ఉంది, అద్దాల గోడలు, మధ్యలో మెరిసే కొత్త బండి. మేనేజరు బాబాయిని ఒక్కడినే చూసి మాట్లాడాడు.

"అంకుల్, మీరు పెద్దవారు. మీ బండి లోపలికి పంపండి. ఇంజను మొత్తం విప్పించి కొత్త సామాను వేయించి ఇస్తాను. పైసా తీసుకోను. కాని ఈ మాట మన మధ్యనే ఉండాలి."

"మిగతా బళ్లో?"

"వాటి సంగతి వేరు. అవన్నీ నడపడంలో తప్పులు."

బాబాయి కాసేపు ఆ కొత్త బండి వైపు చూశాడు. "అయ్యా, పొద్దున్నే నా బండి నడిపేది వీళ్లు. వీళ్ల బళ్లు నడిపేది నేను. మా స్టాండులో అలవాటది. ఇందులో నడిపిన తప్పు ఎవరిదో మీరెలా తేలుస్తారండీ?"

మేనేజరు నా వైపు తిరిగి, నేను తెలంగాణవాడినని మాటలో పట్టుకొని, గొంతు తగ్గించాడు. "తమ్మీ, ఈ ఆంధ్రాయన మాట పట్టుకొని నువ్వెందుకు తిరుగుతున్నవ్? రేపు రాష్ట్రమొస్తే ఆయన మూట కట్టుకొని పోయేటోడు."

"పోతే నా బండ్లెనే పోతడు. నేనే దింపొస్త. నీకెందుకురా?" అన్నాను. అప్పటికే నా చేతుల్లో కుర్చీ లేచింది.

బాబాయి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "దించు అబ్బాయ్. ఆ కుర్చీ నిన్నేం చేసింది?"

రాష్ట్రం ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఊరంతా ఊగుతున్న రోజులు ఇవి. బంద్ అంటే మొదట బండి ఆపేవాడిని నేనే. బాబాయి కూడా ఆపేవాడు. "నీ రాష్ట్రం నీకు రానీరా. వచ్చాక కూడా టమాటాలు మోయాలి కదా, అప్పుడు నన్ను పిలు" అనేవాడు. ఆ విషయం మీద మేమిద్దరం చాలా వాదించుకున్నాం, ఒక్క మాట మీదికి ఎప్పుడూ రాలేదు. వాదించుకుంటూనే ఒక ప్లేటు మిర్చి బజ్జీలు ఇద్దరం తినేవాళ్లం. చివరి బజ్జీని ఆయన ఎప్పుడూ నా వైపు నెట్టేవాడు.

షోరూము బయటికి వచ్చాక నేను ఆయన మీద అరిచాను. "ఎందుకు వద్దన్నవ్ బాబాయ్? కనీసం నీ బండన్న బాగయ్యేది!"

"నాదొక్కటే కంపెనీ తప్పు, మీవన్నీ మీ తప్పులని నేనే సాక్ష్యం చెప్పినట్టవుద్ది కదరా. బాగైన బండి తెచ్చుకొని మీ పక్కన ఎలా నిలబెట్టుకోను?"

తర్వాత కొన్నాళ్లకే దమ్మాయిగూడ దగ్గర ఆయన బండి ఇంజను బిగుసుకుపోయింది. తాడు కట్టి స్టాండుకు లాక్కొచ్చాం. అప్పటి నుంచి అది అక్కడే ఉంది. ఆయన మాత్రం ఇంట్లో కూర్చోలేదు. రోజూ వచ్చి, ఎవరో ఒకరి పక్క సీటు ఎక్కేవాడు. తోవ చెప్పడానికి, లోడు దించేటప్పుడు తాడు పట్టుకోవడానికి. "నేను లోడుతో పాటు ఫ్రీగా వచ్చే సామానునిరా" అనేవాడు. మనం అందరం ఒకే పొద్దున బండ్లన్నీ తీసుకొని షోరూము ముందుకు వెళ్లాలి, బానెట్లు ఎత్తి నిలబెట్టాలి, మేనేజరు అందరి ముందు ఒకేసారి జవాబు చెప్పాలి. ఇది ఆయన ఆలోచన. రోజు కూడా ఆయనే పెట్టాడు, సోమవారం. పొద్దున్నే ఎందుకని అడిగితే, "ఎండెక్కితే మన బళ్లు అక్కడిదాకా రావు" అన్నాడు. నేను నినాదాలు రాసిపెట్టాను. ఆయన వాటిని చదివి, "ఇన్ని అరిస్తే ఇంజను పొగ ఎవడికి కనబడుద్దిరా" అన్నాడు.

గురువారం ఆయన ఎక్కింది నా బండి.

అట్టపెట్టెలు దించి ఖాళీ బండితో వెనక్కి వస్తున్నాం. మధ్యాహ్నం. లాలాపేట్ ఫ్లైఓవరు దగ్గర ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అబ్బాయ్, కాస్త పట్టేసినట్టుందిరా" అన్నాడు. బండి తార్నాక వైపు, దవాఖానా వైపు తిప్పి ఒక్కసారిగా తొక్కాను.

"తొక్కకు. సూది చూడు."

వేడి చూపించే సూది ఎర్రగీత దాకా వచ్చేసింది. నొప్పిలో ఉన్న మనిషి నాకంటే ముందు చూశాడు.

"హీటరు వెయ్" అన్నాడు.

మన బండ్లలో ఆ హీటరు ఎందుకు పెట్టారో హైదరాబాదు ఎండలో ఎవరికీ అర్థం కాదు. ఒక్కదానికే పనికొస్తుంది. అది వేస్తే ఇంజను వేడి కొంత క్యాబిన్‌లోకి వస్తుంది, ఇంజను కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

"ఏంది బాబాయ్, గీ ఎండల హీటరా? నీకసలే పానం మంచిగ లేదు..."

"నా సంగతి వదిలెయ్. ఇది ఆగితే ఇద్దరం ఆగిపోతాం. వెయ్ ముందు."

వేశాను. పొయ్యి మూత తీసినట్టు మొహాల మీదికి వేడిగాలి కొట్టింది. ఆయన చెయ్యి చాపి నా ముందున్న గాలి జాలీ మూసేశాడు. తన ముందుది తెరిచే ఉంచాడు. ఎందుకని అరిచాను. "నువ్వు రోడ్డు చూడాలి కదరా" అన్నాడు. తర్వాత మెల్లగా పోనిమ్మని అరచెయ్యి ఊపుతూ, కళ్లు సూది మీదే పెట్టి కూర్చున్నాడు. ఆ సూది మెల్లగా ఒక గీత కిందికి దిగింది. బండి ఆగలేదు. దవాఖానా గేటు లోపలికి వెళ్లాకే నేను ఇంజను ఆపాను. స్ట్రెచర్ మీదికి ఎక్కించేటప్పుడు నా చొక్కా పట్టుకొని, "మూత వెంటనే తీయకు. చల్లారనీ" అన్నాడు. రేడియేటరు సంగతి. నాతో ఆయన మాట్లాడిన చివరి మాట అదే.

పిన్ని వచ్చింది. సాయంత్రం దాకా నా పక్కనే బెంచీ మీద కూర్చుంది. తర్వాత డాక్టరు బయటికి వచ్చి చెప్పాడు.

ఆ రాత్రే నేను ఒక కరపత్రం రాశాను. షోరూమువాళ్లే ఆయనను చంపారని, ఆ మేనేజరు హంతకుడని రాశాను. బండి మంచిగా ఉంటే మెల్లగా పోవాల్సి వచ్చేది కాదని రాశాను. మర్నాడు పిన్నికి చదివి వినిపించాను. ఆమె చివరిదాకా విన్నది.

"డాక్టరు ఏం చెప్పాడో నేనూ విన్నాను, నువ్వూ విన్నావు" అంది. "ఇంకాస్త ముందొచ్చినా ఇంతే అన్నాడు కదా?"

"అన్నడు పిన్నీ. కని..."

"కానీ లేదు నాయనా. ఆయన పోట్లాడింది ఒక అబద్ధంతో. నువ్వు ఇంకో అబద్ధం రాసి దాని కింద ఆయన పేరు పెట్టకు. జరిగింది రాయి. అది చాలదా?"

ఆ కాగితం చింపేసి ఇది రాస్తున్నాను. వాళ్లు ఆయనను చంపారని నేను అనను. చెడిపోయే ఇంజనును మనకు అమ్మి, తెలిసి కూడా తప్పు మన మీద వేసి, గుండెనొప్పితో ఉన్న ముసలాయన మే నెల ఎండలో మొహానికి హీటరు పెట్టుకొని దవాఖానాకు పోయేలా చేశారని మాత్రం అంటాను. ఇందులో ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

మూడో రోజున మేనేజరు పూలదండ పట్టుకొని బాబాయి ఇంటికి వచ్చాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. కొట్టలేదు. పిన్ని ముందు చేతులు కట్టుకొని నిలబడి అన్నాడు. "అమ్మా, అంకుల్ బండి మేము బాగుచేయించి మీ గుమ్మం ముందు పెడతాం. అమ్ముకుంటే మీకు ఆసరా అవుతుంది. కాని సోమవారం గొడవ ఆపేయమని మీ వాళ్లకు మీరు ఒక్క మాట చెప్పాలి."

పిన్ని దండ తీసుకొని బల్ల మీద పెట్టింది. ఆమెకు బండి అవసరం లేదని కాదు. ఇల్లు గడవాలి, అది ఆమెకు మనకంటే బాగా తెలుసు. చీర కొంగు మడతలు సరిచేసుకుంది. నాకు భయమేసింది. ఆమె సరే అంటే నేను ఏమీ అనకూడదు, అనలేను.

"బాబూ," అంది, "ఆయన బతికున్నప్పుడు మీరిదే అడిగారట కదా. ఆయనేం చెప్పారు?"

మేనేజరు బల్ల మీది దండను సర్దబోయాడు.

"మరి నేను వేరే ఎలా చెప్తాను? అన్నీ బాగుచేయించండి. మాది ఆఖర్న చేసినా పర్లేదు."

అతను వెళ్లిపోయాక మేమంతా గుమ్మం ముందు చేరాం. సోమవారం ఆపుదామని ఒకరిద్దరు అన్నారు, ఇంట్లో మనిషి పోయిన దుఃఖంలో ఉన్నప్పుడు బాగుండదని. యాదగిరన్న వేరే చిక్కు చెప్పాడు. "అందరి బండ్లు ఎట్లనో నడుస్తయ్. బాబాయి బండి మాత్రం కదలది. అది లేకుండ పోతే ఏం పోయినట్టు? పెద్ద రోడ్డు మీద తాడు కడితే పోలీసోళ్లు ఆపుతరు. మనమే తోసుకుంట పోవాలె. కని అంత దూరం తోసేటప్పుడు స్టీరింగ్ ఎవలు పడుతరు? తోసేతందుకే మనం చాలం."

పిన్ని లోపలి నుంచి చెప్పింది.

"నేను పడతాను."

ఆమె బయటికి వచ్చింది. "పాత బండి చలికాలంలో ఒక్కరోజు కూడా స్టార్ట్ అయ్యేది కాదు. సందు చివరిదాకా ఆయన తోసేవారు. మరి స్టీరింగ్ ఎవరు పట్టారనుకున్నారు? మీరు సరిగ్గా తొయ్యండి చాలు. ఒక పక్కకే తోస్తే మాత్రం ఊరుకోను."

అందుకని, చదివినవాళ్లందరూ రండి. బండి ఉన్నవాళ్లు బండితో రండి, లేనివాళ్లు ఉత్త చేతులతో రండి. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లు దారిలో కాసేపు భుజం ఆనించండి. తణుకువాళ్లు రండి, జనగామవాళ్లు రండి. సోమవారం పొద్దున ఏడు గంటలకు నాచారం స్టాండు దగ్గర బయలుదేరుతాం. ఎండెక్కకముందే ఉప్పల్ రోడ్డు చేరాలి. ఆలస్యం చేయకండి. అప్పటికే పిన్ని చెప్పులు విప్పి, కిటికీ అద్దం కిందికి దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకొని, వెనక చూసే అద్దంలో మన కోసం చూస్తూ కూర్చుని ఉంటుంది.